డెక్సాలో ఎముక గట్టిగా ఉందని వచ్చింది, అయినా మా అమ్మ చెయ్యి విరిగింది. ఎందుకు?

మర్రిగూడ శ్రీను · ఆదివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మ ఊళ్లోనే ఉంటుంది. వయసు 58. పదిహేను రోజుల కింద వాకిట్లో సాన్పి చల్లుతూ కాలు జారింది. పడబోతూ కుడిచెయ్యి నేలకు ఆనించింది, అంతే. మణికట్టు పైన ఎముక విరిగింది. అంత చిన్న దెబ్బకు విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉంటాయని డాక్టరు ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ రాశారు. రిపోర్టు చూస్తే గుల్లబారడం కాదు, దానికి పూర్తిగా ఎదురు. నడుము దగ్గర టీ స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, ప్లస్ మూడు దాటింది. సున్నా దగ్గరుంటే మామూలట. "మీ అమ్మ ఎముకలు నీ ఎముకల కంటే గట్టిగా ఉన్నాయి" అన్నాడు స్కాన్ తీసిన అబ్బాయి.

మరి విరగడం ఏంటి? ఆమెకు ఏళ్ల నుంచి నడుం నొప్పి, మెడ తిప్పలేదు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లే తాగింది. ఇది ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనా? రిపోర్టు మంచిగా ఉందని సంతోషపడాలో, భయపడాలో తెలుస్తలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ల్యాబ్ పద్మ, నల్గొండ · ఆదివారం రాత్రి 10:15

తమ్మీ, ముందు అమ్మకు కట్టు సరిగ్గా ఉందా, వేళ్లకు స్పర్శ తెలుస్తుందా చూసుకో. వేళ్లు వాచి నీలంగా అయితే ఆలస్యం చేయొద్దు.

స్కాన్ సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు. నేను పదిహేడేళ్లుగా ల్యాబ్‌లో పని చేస్తున్నాను, ఒక్క మాట చెప్పగలను. మన మండలాల నుంచి వచ్చే పెద్దవాళ్ల రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎక్కువగా రావడం చాలాసార్లు చూశాను. కాలేయం పరీక్షలు మామూలుగా ఉండి అదొక్కటే పెరిగిందంటే చాలాసార్లు అది ఎముక నుంచి వచ్చిందే. ఎముక కట్టే కణాలు తీరిక లేకుండా పని చేస్తున్నాయని దాని అర్థం. అమ్మ పాత రిపోర్టులు ఉంటే తీసి చూడు.

దేవరకొండ బయోకెమ్ · ఆదివారం రాత్రి 11:30

శ్రీను అన్నా, నేను బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మాది దేవరకొండ దగ్గర. నువ్వు అడిగిన ప్రశ్నే నన్ను ఈ చదువు వైపు తెచ్చింది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

డెక్సా యంత్రం రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపి, ఒంట్లో ఎన్ని ఆగిపోయాయో చూసి, ఎముకలో ఖనిజం ఎంత ఉందో లెక్క కడుతుంది. ఎంత ఉందనేదే దానికి తెలుస్తుంది. ఎట్లా పేర్చి ఉందో తెలియదు. మన తాతల కాలంలో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కేవాళ్లు కదా. గోడకు బరువు మట్టితో వస్తుంది, పగలకుండా పట్టి ఉంచేది గడ్డి. ఎముక కూడా అంతే. మట్టి స్థానంలో హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం, ఫాస్ఫేట్ ఖనిజం. గడ్డి స్థానంలో కొల్లాజెన్ పోగులు. రెండూ ఒక వరుసలో ఉంటేనే బలం.

నీళ్లతో వచ్చిన ఫ్లోరైడ్ ఏం చేస్తుందంటే, ఆ ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట తాను చేరుతుంది. అప్పుడది ఫ్లోర్ అపటైట్ అవుతుంది. ఇది తొందరగా కరగదు. మన ఎముక ఎప్పుడూ ఒకేలా ఉండే రాయి కాదు, పాత ఎముకను కరిగించే కణాలు ఒక పక్క, కొత్తది కట్టే కణాలు ఒక పక్క పని చేస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు పది శాతం ఎముక ఇట్లా మారుతుంది. ఫ్లోరైడ్ చేరిన ఎముకను కరిగించే కణాలు సరిగ్గా కరిగించలేవు. కట్టే కణాలనేమో ఫ్లోరైడ్ తొందరపెడుతుంది. కరగడం తగ్గి, కట్టడం పెరిగి, ఖనిజం పేరుకుపోతుంది. ఆ కొత్త ఎముకలో పోగులు వరుసలో ఉండవు, గడ్డి చెల్లాచెదురుగా పడ్డ గోడలాగా ఉంటుంది. స్కాన్‌కు అది గట్టిగా కనపడుతుంది, దెబ్బ తగిలితే తట్టుకోదు.

ఇది నా ఊహ కాదు. ఒకప్పుడు పశ్చిమ దేశాల్లో సోడియం ఫ్లోరైడ్‌ను ఎముకలు గుల్లబారే జబ్బుకు మందుగా ఇచ్చి చూశారు. మనల్ని మంచాన పడేసినదాన్ని అక్కడ మందుగా వాడారన్నమాట. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి డాక్టర్ రిగ్స్ బృందం 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ ఫలితం అచ్చు వేసింది. నెలసరి ఆగిన 202 మంది ఆడవాళ్లు, నాలుగేళ్లు. కొందరికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, మిగతావాళ్లకు ఉత్త మాత్ర, అందరికీ కాల్షియం. ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్ల వెన్నులో ఖనిజ సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వెన్ను కాకుండా మిగతా ఎముకల్లో, చిన్న పగుళ్లతో కలిపి, ఫ్లోరైడ్ వాళ్లకు 72 చోట్ల విరిగితే ఉత్త మాత్ర వాళ్లకు 24 చోట్లే.

ఇంకొకటి, ఇది మీ అమ్మకు నేరుగా సంబంధించింది. ఆ ఆడవాళ్లలో వెన్ను సాంద్రత పెరిగినా ముంజేతి ఎముక నడిమి భాగంలో 4 శాతం తగ్గింది. నడుములో ప్లస్ మూడు చూపించి చెయ్యి విరగడంలో విడ్డూరం లేదన్నా.

మర్రిగూడ శ్రీను · సోమవారం ఉదయం 6:50

తమ్మీ, రెండుసార్లు చదివాను. మట్టిగోడ మాట అమ్మకు ఫోన్లో చెప్పాను. "అట్లయితే నా గోడల గడ్డి కుళ్లిపోయినట్టే కదా బిడ్డా" అన్నది. ఏం చెప్పాలో తోచలేదు.

ఒకటి మాత్రం గుర్తొచ్చింది. గుల్లబారిన ఎముకలకు ఇచ్చే మందు ఇంజెక్షన్ రాస్తామని మొదట అన్నారు. ఇప్పుడు అది వేయించాలా వద్దా?

పాలమూరు ఫిజియో · సోమవారం ఉదయం 8:05

శ్రీను గారూ, ఆ ఇంజెక్షన్ నిర్ణయం ఎముకల డాక్టరుతోనో హార్మోన్ల డాక్టరుతోనో కూర్చొని తీసుకోవాలి. కానీ మీరు వెళ్లేటప్పుడు "మా అమ్మ నలభై ఏళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగింది" అని మీ నోటితో చెప్పండి. హైదరాబాదులో చాలామందికి మన ఊరి నీళ్ల కథ తెలియదు. ఆ గుల్లబారే జబ్బు మందుల్లో చాలావరకు ఎముక కరిగించే కణాలను ఆపేవి. ఇక్కడ అవి ముందే సరిగ్గా పని చేయట్లేదు. ఆ మాట డాక్టరుకు తెలియాలి.

చెయ్యి ఎక్స్‌రే ఫిల్ము ఇంట్లో ఉందా? ఉంటే లైటుకు అడ్డం పెట్టి చూడండి. ముంజేతిలో రెండు ఎముకలు పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య ఖాళీ నల్లగా, శుభ్రంగా ఉండాలి. అక్కడ పలుచటి పొర ఉంటుంది, మామూలుగా ఎక్స్‌రేలో కనపడదు. ఫ్లోరోసిస్‌లో, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బులో, ఆ పొర సున్నం పట్టి తెల్లగా కనపడుతుంది. డాక్టర్లు ఫ్లోరోసిస్‌ను గుర్తుపట్టే ముఖ్యమైన ఆనవాలు అదే.

చండూరు సైన్స్ సార్ · సోమవారం ఉదయం 11:20

పిల్లలూ, నేను రిటైరై పదకొండేళ్లయింది. చండూరు, మర్రిగూడ, నాంపల్లి మండలాల బడుల్లో సైన్స్ చెప్పాను.

నా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు పిలిస్తే తల ఒక్కటి తిప్పేవాడు కాదు, బెంచీ మీద మొత్తం ఒళ్లు తిప్పి చూసేవాడు. మొదట్లో అది పొగరనుకొని కేకలేశాను. తర్వాత వాళ్ల నాయిన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయన కూడా అట్లాగే మొత్తం ఒళ్లు తిప్పి నన్ను చూశాడు. ఆ రోజు నేను ఇంటికి పోయి అన్నం తినలేదు. మెడ ఎముకలు, వాటిని కట్టి ఉంచే తాళ్లలాంటి లిగమెంట్లు బిగుసుకుపోయాయని తర్వాత తెలుసుకున్నాను.

ఈ జబ్బు చరిత్ర మన పిల్లలకు చెప్పాలి. కోపెన్‌హేగన్‌లో క్రయోలైట్ అనే ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాన్ని పొడిచేసే ఫ్యాక్టరీ కార్మికుల ఎక్స్‌రేల్లో ఎముకలు తెల్లగా చిక్కబడి ఉన్నాయని 1932లో గుర్తించారు. వాళ్లు పీల్చింది దుమ్ము. నీళ్లతోనూ ఇదే వస్తుందని 1937లో షార్ట్ బృందం నాటి మద్రాసు రాష్ట్రంలో చెప్పింది, అది పొదిలి, దర్శి ప్రాంతం. మన జిల్లా పేరు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఎక్కింది, డాక్టర్ సిద్దిఖీ వ్యాసం, నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్ మీద. మన ఊరి పేరు లండన్‌లో అచ్చయింది మన జబ్బు వల్ల!

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం 1973 నాటిది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో రాశారు. ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో వయసు పిల్లల మోకాళ్లు రెండూ ఒకదానికొకటి తగిలి పాదాలు దూరం జరగడం, కాళ్ల ఎముకలు పలచబడడం చూశారు. అప్పటిదాకా ఫ్లోరోసిస్ అంటే ఎముక చిక్కబడడమే అనుకునేవారు. మన దగ్గర వెన్ను చిక్కబడి, కాళ్లు పలచబడ్డాయి. మన బయోకెమ్ అబ్బాయి చెప్పిన ముంజెయ్యి లెక్క చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

వాళ్లు నీళ్ల దగ్గర ఆగలేదు, గిన్నెలో ఏముందో చూశారు. జొన్న తినేవాళ్ల ఒంట్లో, వరి అన్నం తినేవాళ్ల కంటే, ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచిపోతుందని అదే సంస్థవాళ్లు 1977లో చూపించారు. జొన్నలో మాలిబ్డినం అనే ఖనిజం పెరిగితే ఒంట్లోని రాగి లోహం మూత్రంలో ఎక్కువగా పోతుందని అంతకుముందే 1974లో తేల్చారు. సాగర్ డ్యామ్ వచ్చాక ఊట పెరిగిన ఊళ్ల జొన్నలో ఆ మాలిబ్డినం ఎక్కువగా ఉందని కూడా వాళ్లే కనిపెట్టారు. రాగి పోతే ఏమవుతుందో బయోకెమ్ అబ్బాయి చెప్పాలి, నాకు అంతవరకే తెలుసు.

దేవరకొండ బయోకెమ్ · సోమవారం మధ్యాహ్నం 1:40

సార్, నమస్తే. మీరు అందించిన దారం సరిగ్గా నా గోడ దగ్గరికే వచ్చింది. కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే ఎంజైము పేరు లైసిల్ ఆక్సిడేజ్. అది పనిచేయాలంటే రాగి కావాలి. రాగి తక్కువైతే ముడులు పడవు. గోడలో గడ్డి ఉంటుంది, పట్టు ఉండదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఒకేలా ఉన్నా ఒక ఊరి పిల్లల కాళ్లు వంకరపోయి ఇంకో ఊరి పిల్లలవి పోకపోవడానికి ఆనాటివాళ్లు చూపించిన కారణం ఇదే.

కాల్షియం కథ కూడా ఉంది. కొత్త ఎముక తొందరతొందరగా కట్టాలంటే కాల్షియం కావాలి. తిండిలో చాలకపోతే మెడ దగ్గరి పారాథైరాయిడ్ గ్రంథులు మేల్కొని వేరే ఎముకల నుంచి లాగుతాయి. మీరట్‌లో తియోతియా దంపతులు 1973లో ఫ్లోరోసిస్ రోగుల్లో ఈ పారాథైరాయిడ్ హడావిడిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపించారు. ఒకచోట పేరుకుపోవడం, ఇంకోచోట తరిగిపోవడం, రెండూ ఒకే ఒంట్లో.

ఇవన్నీ ఎట్లా తెలుస్తాయని మా చెల్లె అడిగింది. తుంటి ఎముక పై అంచు నుంచి పెన్సిలంత మందం ముక్క తీస్తారు, మత్తిచ్చే తీస్తారు. దానికి ముందు రోగికి టెట్రాసైక్లిన్ మాత్రలు కొన్ని రోజులిచ్చి, ఆపి, కొన్నాళ్లాగి మళ్లీ ఇస్తారు. ఆ మందు కొత్తగా కడుతున్న ఎముక అంచున అంటుకుంటుంది. ముక్కను పలుచగా కోసి ప్రత్యేకమైన కాంతిలో సూక్ష్మదర్శిని కింద పెడితే పసుపు రంగులో రెండు గీతలు మెరుస్తాయి. గీతకూ గీతకూ ఉన్న దూరమే అన్ని రోజుల్లో కట్టిన ఎముక. నేను మొదటిసారి చూసినప్పుడు, చెట్టు మొద్దులో వలయాల్లాగా మనిషి ఎముకలో రోజులు కనపడుతున్నాయనిపించింది.

మునుగోడు రైతు · సోమవారం సాయంత్రం 7:10

అందరూ పెద్ద చదువులవాళ్లు. నేను సూటిగా అడుగుతా. భగీరథ నీళ్లు వచ్చినయి. కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నయి. ఇంకా ఎన్ని రోజులు మన ఊళ్లను ఫ్లోరైడ్ ఊళ్లు అని పిలుచుకుంటం? మా పిల్లకు సంబంధం చూస్తే అవతలివాళ్లు మొదటి మాట "మీ నీళ్లు ఏందండీ" అన్నరు. మనమే ఇట్ల రాసుకుంటే ఎట్ల?

ఇంకోటి. చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతదని మా నాయినమ్మ చెప్పేది. నిజమేనా?

ఆశా అక్క, నాంపల్లి · సోమవారం రాత్రి 8:30

అన్నా, నీ బాధ నాకు అర్థమైంది. ఇదే మాట మీద నా ఆడపడుచు పెళ్లి రెండుసార్లు తప్పింది.

కానీ నీళ్లు మారినంత మాత్రాన పాత మనుషులు మారరు కదా. నేను ఇల్లిల్లూ తిరుగుతాను. ముప్పై, నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగినవాళ్ల ఎముకల్లో ఉన్నది ఎక్కడికీ పోలేదు. వాళ్లకు ఏం చేయాలన్నదే ఇప్పుడు పని. ఇంకా ఒకటి కళ్లారా చూస్తున్నాను. ఇంట్లో నల్లా నీళ్లే తాగుతారు, పత్తి ఏరడానికి పోయినప్పుడు చేను బోరు దగ్గర దోసిలి పట్టి తాగుతారు. ఎండాకాలం రోజంతా అవే. ఎవరైనా అడిగితే "మేం నల్లా నీళ్లే" అంటారు, అబద్ధం కూడా కాదు, ఇంటి సంగతే చెబుతారు.

తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన భారతీయ ప్రమాణం. వేరే దారి లేకపోతే 1.5 వరకు. మా దగ్గర కొన్ని చేను బోర్లు దీనికి ఎన్నో రెట్లు. బోరు లోతుకు పోయే కొద్దీ గ్రానైట్ రాయితో నీళ్లు ఎక్కువ కాలం కలిసి ఉంటాయి, అందుకే అట్లా వస్తుందని మాకు శిక్షణలో చెప్పారు.

దేవరకొండ బయోకెమ్ · సోమవారం రాత్రి 9:55

రైతన్నా, మీ నాయినమ్మ మాటను జాతీయ పోషకాహార సంస్థవాళ్లు ల్యాబ్‌కు తీసుకెళ్లారు. ఖందారే బృందం, 2002లో అచ్చయింది. హైదరాబాదులో హాస్టలు అబ్బాయిలు 18 మందికి రోజూ మధ్యాహ్నం అన్నంతో 10 గ్రాముల చింతపండు, 18 రోజులు. మూత్రంలో ఫ్లోరైడ్ రోజుకు సగటున 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. అంటే బయటికి పోవడం పెరిగింది. మెగ్నీషియం, జింకు మాత్రం మూత్రంలో తగ్గాయి, ఒంట్లోనే నిలిచాయి. ఆ తర్వాత 2004లో ఫ్లోరోసిస్ ప్రాంతపు పిల్లల మీద, శుద్ధి చేసిన నీళ్లిస్తూ చింతపండు కూడా ఇస్తే అదనంగా మేలుందని రాశారు.

కాబట్టి పచ్చిపులుసు మంచిదే. కానీ వీళ్లు 18 మంది ఆరోగ్యంగా ఉన్న అబ్బాయిలు, మంచం పట్టిన పెద్దవాళ్లు కాదు. బిగుసుకుపోయిన నడుము చింతపండుతో వంగుతుందని ఆ కాగితంలో లేదు. నీళ్లు మారకుండా పులుసు తాగితే ఒక చేత్తో తీసి రెండు చేతులతో పోసుకున్నట్టు. కడుపులో పుండు, అసిడిటీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి వాడాలి.

పాలు, పెరుగు, రాగి జావ సంగతికి శాస్త్రం ఇంకా గట్టిగా ఉంది. ఫ్లోరైడ్ ఖాళీ కడుపులో పడితే దాదాపు మొత్తం రక్తంలోకి పోతుంది. కాల్షియం ఉన్న తిండితో కలిసి పడితే పేగులోనే కాల్షియం ఫ్లోరైడ్‌గా కట్టుకొని కొంత అట్లాగే బయటికి పోతుంది. మరొకటి టీ. తేయాకు చెట్టు నేల నుంచి ఫ్లోరైడ్ లాగి ముదురు ఆకుల్లో దాచుకుంటుంది. అమెరికాలో డెట్రాయిట్‌లో 47 ఏళ్ల ఆమె 17 ఏళ్ల పాటు రోజూ 100 నుంచి 150 టీ సంచులతో కాచిన టీ తాగి అచ్చం మన పెద్దవాళ్ల లాంటి ఎముకలు తెచ్చుకుంది. 2013లో వచ్చింది ఆ కేసు. మన ఇళ్లలో అంత తాగరు, కానీ ఖాళీ కడుపుతో పొద్దున్నే మరిగించిన నల్ల డికాషన్ మానడం మంచిదే.

ల్యాబ్ పద్మ, నల్గొండ · మంగళవారం ఉదయం 7:30

నేనూ ఒక ముచ్చట చెప్తాను. ఫ్లోరైడ్ ఎముకనే కాదు, కణాన్ని కూడా ఆపగలదని నా చేతిలో రోజూ చూస్తాను.

షుగర్ పరీక్షకు రక్తం తీసే గొట్టానికి బూడిద రంగు మూత ఉంటుంది చూశారా? అందులో సోడియం ఫ్లోరైడ్ పొడి ఉంటుంది. రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చినా కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజు తింటూనే ఉంటాయి. మామూలు గొట్టంలో గదిలో వదిలేస్తే గంటకు ఐదారు శాతం షుగర్ తగ్గిపోతుంది. రిపోర్టు తప్పొస్తుంది. ఫ్లోరైడ్ వెళ్లి ఎనొలేజ్ అనే ఎంజైమును పట్టి ఆపుతుంది. ఎంజైములు ఎట్లా పనిచేస్తాయో తెలుసుకోవడానికి జర్మనీలో వార్‌బర్గ్ ఈ ఆపడాన్నే 1940ల మొదట్లో విడమరిచాడని మా సార్ చెప్పేవారు. కణం గ్లూకోజును మెట్టు మెట్టుగా విడగొట్టే వరుసలో ఎనొలేజ్ చివరలో ఉంటుంది కాబట్టి వెంటనే ఆగదు, మొదటి గంటలో కొంత షుగర్ పోనే పోతుంది. అందుకే నేను గొట్టం తీసుకోగానే తొందరపడతాను. ఇది చదివి భయపడొద్దు. ఆ గొట్టంలో ఒక మిల్లీలీటరుకు రెండు మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, మన రక్తంలో నీళ్ల ద్వారా చేరేది దాంట్లో లేశం కూడా కాదు.

శ్రీనూ, అమ్మ మూత్రం పరీక్ష చేయిద్దాం. గాజు సీసాలో తేకు, ఫ్లోరైడ్ గాజుకు పడదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడు చివర లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది, పలుచటి బిళ్ల. మూత్రంలో టిసాబ్ అనే ద్రావణం సమానంగా పోసి కలుపుతాను. దానివల్ల కాల్షియం, అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. తర్వాత బిళ్ల ముంచితే మీటరు మీద మిల్లీవోల్టులు కదులుతాయి. ఫ్లోరైడ్ పదిరెట్లు పెరిగితే అంకె సుమారు 59 తగ్గుతుంది. అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాను, ఇప్పటికీ.

మర్రిగూడ శ్రీను · మంగళవారం రాత్రి 10:40

ఈ రోజు సెలవు పెట్టి ఊరికి వచ్చాను. ఫిజియో సార్ చెప్పినట్టు ఎక్స్‌రే ఫిల్ము ట్యూబులైటు ముందు పట్టాను. విరిగినచోటు అందరికీ కనిపిస్తుంది. దాని పైన రెండు ఎముకల మధ్య, నల్లగా ఉండాల్సిన చోట, పాత తుమ్మ కంచె లాగా తెల్లటి ముళ్లు. ఒక ఎముక నుంచి ఇంకో ఎముక వైపు పెరిగాయి. ఇన్నిరోజులు ఆ ఫిల్ము అల్మారీలో ఉంది, ఎవరూ ఆ ఖాళీ వైపు చూడలేదు.

అమ్మ పక్కనే కూర్చొని ఉంది. "ఇవి నాయేనా?" అని అడిగింది. అవునన్నాను. అప్పుడు ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది. తను పెళ్లి కాకముందు ఊరికి జీపులో ఒక బృందం వచ్చిందట. బడి ముందు వరుసలో నిలబెట్టి పళ్లు చూశారు, చేతులు చాపి వంచమన్నారు, సీసాలిచ్చి మూత్రం పట్టుకురమ్మన్నారు. అట్లా మూడుసార్లు వచ్చారట. "ఏమొచ్చిందని అడిగితే మల్ల చెప్తమన్నరు. మల్ల రాలే" అన్నది. ఆ మాటలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

సార్, మీరు చెప్పిన ఆ కాగితాలన్నిట్లో ఎక్కడో ఒక గడిలో మా అమ్మ ఒక అంకెగా ఉండొచ్చు కదా.

చండూరు సైన్స్ సార్ · మంగళవారం రాత్రి 11:15

ఉండొచ్చు బిడ్డా. ఎవరు వచ్చారో మనకు తెలియదు కాబట్టి ఎవరి మీదా నింద వేయలేను. నా బడికి కూడా ఒకసారి అట్లా వచ్చారు. నలభై మంది పిల్లల సీసాల మీద నేనే నెంబర్లు రాశాను, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఫలితం నాకూ రాలేదు. ఆ నలభై మంది తల్లిదండ్రులకు "సార్ చెప్పాడు కాబట్టి ఇస్తున్నం" అనే నమ్మకం. ఆ నమ్మకానికి నేను ఒక్క ఉత్తరం కూడా రాయించలేదు, అది నా తప్పే.

దేవరకొండ బయోకెమ్ · బుధవారం ఉదయం 6:20

రాత్రి నిద్ర రాలేదు. నేను కూడా నా పరిశోధనకు నమూనాలు తీసుకుంటాను. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నీతి నియమాల్లో, పరిశోధన వల్ల వచ్చిన మేలు అందులో పాల్గొన్న మనుషులకు, వాళ్ల ఊళ్లకు అందాలని స్పష్టంగా ఉంది. సంతకం తీసుకున్న కాగితం ఒక ప్రతి వాళ్లకూ ఇవ్వాలి. సంతకం పెట్టించుకునేటప్పుడు నేను ఆ వాక్యం చదివి వినిపిస్తాను, కానీ ఫలితం చేతికి ఇచ్చానా అని ఇప్పుడు లెక్క చూసుకున్నాను. పదకొండు మందికి ఇవ్వలేదు. ఈ వారంలో ఇస్తాను.

శ్రీనన్నా, "ఇది నా ఒంట్లోంచి పోతదా" అని అమ్మ అడిగి ఉంటుంది. పూర్తి నిజం చెప్తాను. కోపెన్‌హేగన్‌లో తర్వాతి కాలంలో ఈ జబ్బు బయటపడ్డ క్రయోలైట్ కార్మికులను పని మానేసిన ఎనిమిది నుంచి పదిహేనేళ్ల తర్వాత, 1982లో, మళ్లీ వెతికారు. బతికి ఉన్నవాళ్లు నలుగురే. నలుగురికీ మళ్లీ ఎక్స్‌రే తీశారు. పక్కటెముకల్లో, వెన్నుపూసల్లో, కటిలో లోపలి మెత్తటి ఎముక చిక్కదనం చాలా వరకు తగ్గింది. ఎముక పై పొర మందం, కండరాలు అతుక్కునే చోట పట్టిన సున్నం మాత్రం ఏం మారలేదు. మీరు ట్యూబులైటు ముందు చూసిన ఆ ముళ్లు కరగకపోవచ్చు. కానీ లోపలి ఎముక ఏడాదికి కొంచెం కొంచెంగా మారుతుంది, దానికి మంచి నీళ్లు, కాల్షియం, విటమిన్ డి అందితే చాలు. చిన్నపిల్లల్లో ఇంకా ఆశ ఎక్కువ. జైపూర్ డాక్టర్లు కాల్షియం, విటమిన్ సి, విటమిన్ డి ఇచ్చి పిల్లల్లో మార్పు చూశారు, 1996లో రాశారు.

పాలమూరు ఫిజియో · బుధవారం ఉదయం 9:00

దీనికి ఒకటి కలుపుతాను. మా పాలమూరు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో చూస్తున్నాను. ముల్లు కరగకపోయినా కీలు కదలిక కొంత నిలబెట్టుకోవచ్చు. కట్టు విప్పాక వేళ్లు, మణికట్టు, మోచెయ్యి రోజూ కదిలించాలి. మెడను ఎవరితోనూ పట్టి విరిపించొద్దు. వెన్నులో నరాల దారి ఇరుకై ఉంటే ఆ ఒక్క తిప్పుతో కాళ్లు పడిపోవచ్చు. ఇది దయచేసి ఊళ్లో అందరికీ చెప్పండి. కాళ్లు మొద్దుబారడం, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మూత్రం ఆగడం, ఇవి కనపడితే ఆలస్యం చేయకుండా న్యూరో డాక్టరు దగ్గరికి.

మునుగోడు రైతు · బుధవారం మధ్యాహ్నం 12:30

నేను మొన్న కోపంల రాసిన. శ్రీను అమ్మ ముచ్చట చదివినంక మనసు మారింది. మా చేను బోరు నీళ్లు కూడా సీసాల పట్టుకొస్త, పద్మమ్మా, చూసి చెప్పు. కూలోళ్లు దాన్నే తాగుతరు.

మర్రిగూడ శ్రీను · శనివారం సాయంత్రం 5:45

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. పద్మక్క దగ్గరికి అమ్మను తీసుకుపోయాను. మూత్రంలో ఫ్లోరైడ్ లీటరుకు 2.8 మిల్లీగ్రాములు వచ్చింది. ఒకటి లోపు ఉండాలట. ఇంటి నల్లా నీళ్లు 0.4. "నెలకు పైనే నల్లా నీళ్లే తాగుతుంది, చేనుకు పోలేదు, మరి ఎక్కడిది?" అని అడిగాను. ఎముక విడిచిపెడుతున్నదే మూత్రంలో కనపడుతుందని పద్మక్క చెప్పింది. ఎంత వస్తే అంత పోతున్నట్టట. అమ్మ దీన్ని బాగా పట్టుకుంది. బస్సులో పక్కనామెకు చెప్తోంది, "నా బొక్కలు విడుస్తున్నయట."

ఎముకల డాక్టరు రిపోర్టులన్నీ మళ్లీ చూశారు. ఆ ఇంజెక్షన్ ఇప్పుడు వద్దన్నారు. విటమిన్ డి చాలా తక్కువగా ఉంది, దానికి మందు రాశారు.

రిపోర్టు కాగితం నేను ఫైల్లో పెట్టబోతుంటే అమ్మ అడిగి తీసుకుంది. అంకె ఏదో చూపించమంది, వేలు పెట్టి చూపించాను. దాని పక్కన తన పేరు ఉందా అని అడిగింది. ఉంది. నాలుగు మడతలు పెట్టి, రేషన్ కార్డు దాచే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.

ల్యాబ్ పద్మ, నల్గొండ · శనివారం రాత్రి 8:10

ఆరు నెలలకు మళ్లీ తీసుకురా తమ్మీ. సీసా నేనే ఇస్తాను. రైతన్నా, మీ బోరు నీళ్లు 4.6 వచ్చింది. బోరు డబ్బా మీద ఎర్ర పెయింటుతో రాసిపెట్టు, కూలోళ్లకు ఇంటి నుంచి క్యాన్ పంపు.